కలియుగం మొదటి పాదంలోనే ఉన్నాం, మరి యుగాంతం తేదీలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?

సత్యనారాయణ వ్రతమైనా, గృహప్రవేశమైనా, పీటల మీద కూర్చోగానే పురోహితుడు సంకల్పం చెప్పిస్తాడు. ‘శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే...’ అంటూ మొదలుపెట్టి, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య ఉన్నామో చెప్పించి, ఆ ఏడాది పేరు, మాసం, తిథి, వారం దాకా తీసుకొస్తాడు. పూజ చేసేవాడు ఏ కాలంలో ఏ చోట కూర్చున్నాడో దేవుడికి చెప్పుకునే చిరునామా అది. అందులో ‘ప్రథమపాదే’ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. కలియుగానికి నాలుగు పాదాలు, మనం ఉన్నది మొదటిదానిలో. యుగం మొత్తం 4,32,000 ఏళ్ళు, ఒక్కో పాదం 1,08,000 ఏళ్ళు, ఇప్పటికి గడిచినవి 5,100 పైచిలుకు. అంటే మొదటి పాదంలో ఇరవయ్యో వంతు కూడా ఇంకా పూర్తి కాలేదు.

అదే ఇంట్లో భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఫోన్ చేతికిస్తారు. ఎర్రటి ఆకాశం, నెర్రెలు విచ్చిన నేల, కింద ‘కలియుగాంతం మొదలైపోయింది’ అని పసుపు అక్షరాలు. పొద్దున ‘ప్రథమపాదే’ అన్న మనిషే మధ్యాహ్నం ‘నిజమేనంటావా బావా?’ అని అడుగుతాడు.

నాలుగైదు సంప్రదాయాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించింది ఒకటే. మూల గ్రంథాలు తేదీ చెప్పవు, చెప్పినా మన మునిమనవళ్ళకు కూడా అందనంత దూరంలో చెప్తాయి. దాన్ని దగ్గరికి లాగేది తర్వాత వచ్చినవాళ్ళు. లాగినప్పుడల్లా అది సరిగ్గా చెప్పేవాడి ఆయుష్షు లోపలే వచ్చి పడుతుంది. వెయ్యేళ్ళ తర్వాత ప్రళయం అంటే వినడానికి ఎవరు కూర్చుంటారు? ఆ లాగే కిటుకులు కూడా మరీ ఎక్కువేం లేవు, తిప్పితిప్పి అవే వాడుతుంటారు.

360 దగ్గర ఉన్న కిటుకు

ముందు మన లెక్కే చూద్దాం. కలియుగం క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18న మొదలైందని సిద్ధాంత జ్యోతిషం చెప్తుంది. అది ఎవరో కళ్ళారా చూసి రాసిపెట్టిన తేదీ కాదని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. గ్రహాలన్నీ మేషరాశి మొదట్లో ఒక్కచోట చేరిన క్షణం ఎప్పుడై ఉంటుందా అని మన గణకులు వాటి సగటు వేగాలతో వెనక్కి లెక్క కట్టి తేల్చిన తేదీ అది. ఆర్యభటుడు తన వయసు చెప్పుకోవడానికి కూడా ఈ లెక్కనే వాడాడు. మూడు యుగపాదాలు, అంటే కలికి ముందున్న మూడు యుగాలు గడిచి, ఆపైన అరవై అరవైల ఏళ్ళు గడిచేసరికి నాకు 23 ఏళ్ళు అన్నాడు. అరవై అరవైలు 3,600. క్రీ.పూ. 3102 నుంచి అన్ని ఏళ్ళు ముందుకొస్తే క్రీ.శ. 499. ఆయన 476లో పుట్టాడని మనం చెప్పుకుంటున్నది ఈ ఒక్క శ్లోకం ఆధారంగానే. ఆధునిక లెక్కలతో వెనక్కి వెళ్ళి చూస్తే, ఆ ఫిబ్రవరిలో గ్రహాలు ఆకాశంలో ఒకవైపుకు చేరిన మాట నిజమేగానీ ఒకే బిందువు దగ్గర మాత్రం లేవు.

ఇక 4,32,000 సంగతి. మనుస్మృతిలో యుగాల లెక్క చిన్నదిగానే ఉంటుంది. కృతం 4,800, త్రేత 3,600, ద్వాపరం 2,400, కలి 1,200. ఇవి దేవతల ఏళ్ళు, మనుషుల ఏడాది వాళ్ళకు ఒక్క రోజు అన్నది పురాణాల వివరణ. 1,200ని 360తో గుణిస్తే 4,32,000 వస్తుంది. ఆ గుణకారం చేస్తే యుగాంతం దూరం జరుగుతుంది, చెయ్యకపోతే గుమ్మంలోకి వస్తుంది. పరమహంస యోగానంద గురువైన శ్రీయుక్తేశ్వర్ గిరి 1894లో రాసిన పుస్తకంలో ఆ గుణకారం చెయ్యలేదు. 1,200 మామూలు ఏళ్ళేననీ, యుగాలు దిగుతూ మళ్ళీ ఎక్కుతూ 24,000 ఏళ్ళ చక్రంలో తిరుగుతాయనీ అన్నారు. ఆ ప్రకారం కలియుగం 1699లోనే ముగిసింది, మనం ద్వాపరంలో ఉన్నాం. ఆయన ఎవరినీ భయపెట్టలేదు, పైగా మంచికాలం వచ్చిందన్నారు. కానీ 360ని పక్కన పెట్టే వీలుందని తెలిశాక ఎవరికి నచ్చిన సంఖ్య వాళ్ళు పెట్టుకోవచ్చు. కలియుగం అసలు 5,000 ఏళ్ళేనంటూ తిరిగే వీడియోలు ఈ సందులోంచే దూరుతున్నాయి.

ఈ 4,32,000 మన దగ్గర మాత్రమే లేదన్నది నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం. క్రీ.పూ. 3వ శతాబ్దంలో బెరోసస్ అనే బాబిలోనియా పూజారి గ్రీకులో తన దేశ చరిత్ర రాశాడు. జలప్రళయానికి ముందు పదిమంది రాజులు ఏలిన కాలం 4,32,000 ఏళ్ళని అందులో ఉంది. వాళ్ళు లెక్కపెట్టేది 60లతో. 60ని 60తో, మళ్ళీ 60తో గుణించి రెట్టింపు చేస్తే సరిగ్గా ఇదే సంఖ్య. ఎవరి దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారన్నది పండితులు ఇంకా తేల్చుకోని గొడవ, మనం తలదూర్చనక్కర్లేదు. బెరోసస్ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి, 1962లో ఆయనతో పని పడుతుంది.

ఇంకో మాట. కలియుగం అయిపోతే లోకం అయిపోతుందని పురాణాలు అనలేదు. కల్కి వస్తాడు, దుష్టులు పోతారు, మళ్ళీ కృతయుగం మొదలవుతుంది. లోకాలు నీట మునిగే నైమిత్తిక ప్రళయం బ్రహ్మదేవుడికి పగలు ముగిసినప్పుడు. ఆ పగలు 432 కోట్ల ఏళ్ళు, గడిచింది 197 కోట్లు. ఇంకా 235 కోట్ల ఏళ్ళుంది.

‘అయితే లక్షణాలన్నీ కనిపిస్తున్నాయిగా’ అంటారు. భాగవతం పన్నెండో స్కంధంలో కలికాలపు వర్ణన చదివితే అలాగే అనిపిస్తుంది. డబ్బున్నవాడే గొప్ప కులంవాడు, డబ్బున్నవాడే మంచివాడు, బలమున్నవాడిదే న్యాయం. అచ్చం మన వీధి సంగతే. కానీ 500 ఏళ్ళ కిందట ఇదే చదివినవాడికీ అచ్చం వాళ్ళ ఊరి సంగతే అనిపించి ఉంటుంది. మనిషి ఆయుష్షు ఇరవై ముప్పై ఏళ్ళకు పడిపోతుందని కూడా ఆ స్కంధంలోనే ఉంది. మన దేశంలో సగటు ఆయుర్దాయం 70 దాకా వచ్చింది కాబట్టి కాబోలు, ఆ మాటను ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

రోజును ఏడాది చేస్తే

క్రైస్తవంలో తేదీల తలుపు ఇంకా గట్టిగా వేసి ఉంది. ఆ దినమూ ఆ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ఏసుక్రీస్తే చెప్తాడు. ఖురాన్‌లోనూ అంతే, ఆ ఘడియ జ్ఞానం అల్లాహ్ దగ్గరే ఉందని ఉంటుంది. అయినా గడియ తీసేవాళ్ళు తీశారు.

బైబిల్ పాత నిబంధనలో దానియేలు గ్రంథం ఉంది. అందులో ఒకచోట 2,300 దినాల ప్రస్తావన వస్తుంది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన విలియం మిల్లర్ అనే రైతు, దినం అంటే ఏడాది అని పట్టుకుని క్రీ.పూ. 457 నుంచి లెక్కపెట్టాడు. క్రీస్తు శకానికి సున్నా సంవత్సరం లేదు కాబట్టి లెక్క 1844లో తేలింది. ఆయన ఉద్యమంలోవాళ్ళు అక్టోబర్ 22 అని రోజు కూడా ఖాయం చేశారు. కొందరైతే ఎలాగూ తినే పని లేదని బంగాళాదుంపలు తవ్వకుండా చేలోనే వదిలేశారు. 23న మామూలుగా తెల్లారింది. చాలామంది ఏడ్చి ఇళ్ళకు పోయారు. కొద్దిమంది మాత్రం తేదీ తప్పు కాదు, జరగాల్సింది పరలోకంలో జరిగింది అని సర్దుకున్నారు. ఆ ఆలోచనలోంచి తర్వాత సెవెంత్ డే అడ్వెంటిస్ట్ శాఖ పుట్టింది. దాని చర్చిలు, బడులు మన కోస్తా జిల్లాల్లోనూ ఉన్నాయి. ఆ శాఖ అధికారికంగా మళ్ళీ తేదీల జోలికి పోలేదు, దెబ్బ తిన్నవాళ్ళకు తెలిసిన బుద్ధి అది.

ఇదే పద్ధతి వాడినవాళ్ళలో ఐజాక్ న్యూటన్ కూడా ఉన్నాడంటే నమ్మాలనిపించదు. 1,260 దినాలను ఏళ్ళుగా తీసుకుని క్రీ.శ. 800కు కలిపి 2060 అని రాసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పుడు జెరూసలేంలోని ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ‘2060లో ప్రపంచం అంతం, చెప్పింది న్యూటన్’ అని ఎప్పటికప్పుడు వార్త తిరుగుతూనే ఉంటుంది. ఆ కాగితంలో ఆయన అన్నది వేరు. అంతకంటే ఆలస్యం కావచ్చుగానీ ముందే వచ్చే కారణం కనిపించదు, తేదీ పెట్టడానికి ఇది రాయడం లేదు, ఊహలతో తేదీలు పెట్టి భంగపడేవాళ్ళను ఆపడానికి రాస్తున్నాను అన్నాడు. తన కాలానికి 350 ఏళ్ళ అవతల పెట్టాడు కూడా. ఆయుష్షు లోపలే పడుతుందని నేను పైన అన్నదానికి ఇది అరుదైన మినహాయింపు.

మకరంలో ఎనిమిది గ్రహాలు

మన దేశంలో గుర్తుంచుకోదగ్గ యుగాంతం 1962 ఫిబ్రవరిది. అష్టగ్రహ కూటమి అంటే ఇప్పటికీ పాతతరం గుర్తుచేసుకుంటుంది. ప్లవ నామ సంవత్సరం, పుష్య బహుళ అమావాస్య. ఫిబ్రవరి 3 నుంచి 5 మధ్య రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని, వీటితో పాటు కేతువు మకరరాశిలో చేరారు. చాలదన్నట్టు అప్పుడే సంపూర్ణ సూర్యగ్రహణం కూడా పట్టింది. అది కనిపించింది న్యూగినీ వైపు.

దేశమంతటా హోమాలు, అఖండ భజనలు, శాంతి పూజలు. ప్రయాణాలు, శుభకార్యాలు వాయిదా వేసుకున్నారు. ప్రధాని నెహ్రూ దాన్ని నవ్వి కొట్టిపారేశారు. మరో రెండు వారాల్లో, ఫిబ్రవరి 19 నుంచి 25 దాకా సార్వత్రిక ఎన్నికలు. ఒకపక్క లోకం మునిగిపోతుందని హోమగుండంలో నెయ్యి పోస్తుంటే, మరోపక్క అభ్యర్థులు ఓట్లడుగుతూ తిరుగుతున్నారు. వాళ్ళలో కూటమికి భయపడినవాళ్ళు లేకపోలేదేమో, ప్రచారం మాత్రం ఎవరూ ఆపలేదు.

ఇంత భయం మకరం దగ్గరే ఎందుకు? కలియుగం గ్రహ కూటమితోనే మొదలైందన్న నమ్మకం ఉంది కాబట్టి కూటమి అంటే యుగం మారే ఘడియ అన్న భావన ఎప్పట్నుంచో ఉంది. ఇప్పుడు బెరోసస్ దగ్గరికి వెళ్దాం. రోమన్ రచయిత సెనెకా క్రీ.శ. 1వ శతాబ్దంలో బెరోసస్ చెప్పాడంటూ ఒక మాట రాశాడు. గ్రహాలన్నీ కర్కాటకంలో ఒకే వరుసలో కలిస్తే లోకం మంటల్లో కాలిపోతుంది, మకరంలో కలిస్తే జలప్రళయం వస్తుంది. 1962కు 1,900 ఏళ్ళ ముందే, అదే మకరం! యూరప్‌లోనూ ఈ భయం ఒకసారి ఊపేసింది. యోహానెస్ స్టాఫ్లర్ అనే జర్మన్ జ్యోతిష్కుడు 1499లో అచ్చువేసిన పంచాంగంలో, 1524 ఫిబ్రవరిలో మీనరాశిలో కూటమి ఉందని, పెద్ద మార్పులొస్తాయని రాశాడు. మీనం జలరాశి. పెద్ద మార్పులు కాస్తా జనం నోళ్ళలో జలప్రళయమయ్యాయి, ఊరూరా కరపత్రాలు వెల్లువెత్తాయి. ఫిబ్రవరి వచ్చింది, వెళ్ళింది.

గ్రహాలు ‘ఒక్కచోట చేరడం’ అంటే అవి నిజంగా దగ్గరికి రావడం కాదు. మనం నిలబడ్డ చోటి నుంచి చూస్తే ఒకే దిక్కున కనిపిస్తాయి, అంతే. 1962లో శని సూర్యుడికి 140 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరంలో తన కక్ష్యలో తాను తిరుగుతూనే ఉంది. మరి ఆకర్షణ? సముద్రాల్లో పోటు తెచ్చే శక్తి దూరం పెరిగేకొద్దీ మామూలు ఆకర్షణ కంటే ఇంకా వేగంగా తగ్గిపోతుంది. దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. శుక్రుడు మనకు అత్యంత దగ్గరగా వచ్చినప్పుడు కూడా దాని పోటు ప్రభావం చంద్రుడి ప్రభావంలో పదివేలవ వంతు ఉండదు. గురుడిది ఇంకా తక్కువ. పైగా సూర్యుడితో పాటు ఒకే రాశిలో ఉన్నాయంటే గురుడు, శని లాంటివి సూర్యుడికి అవతలివైపు, మనకు మరీ దూరంగా ఉన్నట్టు. కేతువు సంగతి చెప్పనక్కర్లేదు, అది గణితంలో ఉన్న బిందువే తప్ప ఆకాశంలో రాయి కాదు.

ఫిబ్రవరి 6న ఏమైంది? హోమాల వల్లే గండం తప్పింది అన్నారు. అక్టోబర్‌లో చైనా యుద్ధం రాగానే ‘చూశారా, కూటమి ఫలితం’ అన్నారు. ముందు చెప్పిన జలప్రళయం ఎటు పోయిందని అడిగినవాళ్ళు తక్కువ. ఎనిమిది నెలల తర్వాత వచ్చిన యుద్ధాన్ని కూడా ఖాతాలో వేసుకోగలిగితే ఏ జోస్యమూ తప్పడానికి వీల్లేదు.

సైన్సు తెలిసినవాళ్ళకు ఈ బలహీనత ఉండదనుకోకండి. గ్రహాలన్నీ సూర్యుడికి ఒకవైపు చేరినప్పుడు కాలిఫోర్నియాలో పెద్ద భూకంపం రావచ్చని 1974లో ఇద్దరు శాస్త్రవేత్తలు పుస్తకమే రాశారు. అనుకున్న 1982 మార్చి మామూలుగా గడిచిపోయింది. వాళ్ళలో ఒకాయన తర్వాత ఆ సిద్ధాంతాన్ని తనే కాదన్నాడు, జ్యోతిష్కుల్లో అలా అన్నవాళ్ళను నేను చూడలేదు.

బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు

తెలుగువాళ్ళ దగ్గర యుగాంతం మాటెత్తితే పోతులూరి వీరబ్రహ్మంగారి దగ్గరికి రాకుండా ఉండదు. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాసి, రవ్వలకొండలో కాలజ్ఞానం రాసి, కడప జిల్లా కందిమల్లాయపల్లెలో జీవసమాధి అయ్యారని చెప్పుకునే 17వ శతాబ్దపు మనిషి. కందిమల్లాయపల్లెను ఇప్పుడు బ్రహ్మంగారి మఠం అనే పిలుస్తాం. దూదేకుల సిద్ధయ్యను ప్రియశిష్యుడిగా చేసుకున్న గురువు ఆయన. కులమతాల గొడవలను కడిగేసిన ఆ గొంతు వల్లే ఇన్ని తరాలుగా జనం గుండెల్లో నిలిచారని నా ఉద్దేశం. జోస్యాలు ఆ తర్వాతే.

ఆ జోస్యాలను మనం ఎప్పుడు తలుచుకుంటామో గమనించండి. ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అన్న మాట ఎప్పుడూ సంఘటన జరిగాకే వస్తుంది. ఇందిరాగాంధీ ప్రధాని అయ్యాక, ఆడది దేశాన్ని ఏలుతుందని ఉంది కదా అన్నారు. 2020లో కరోనా వచ్చాక, కోరంకి అనే జబ్బు కోటిమందికి తగులుతుందన్న చరణం ప్రతి ఫోన్‌లోనూ తిరిగింది. 2019 డిసెంబర్‌లో ఆ చరణం పంపి, జాగ్రత్తగా ఉండండిరా అన్నవాళ్ళు ఎవరైనా మీకు తెలుసా? అది ఏ ప్రతిలో, ఎన్నో పేజీలో ఉందో చెప్పిన ఫార్వర్డ్ కూడా నాకు ఒక్కటీ రాలేదు. కాలజ్ఞానం తాళపత్రాల్లో, తత్వాల్లో, నోటి పాటల్లో పాకుతూ వచ్చింది. అచ్చు ప్రతులు ఒకదానితో ఒకటి కలవవు. కొత్త చరణం చేరితే ఎవరు పట్టుకుంటారు?

కాలజ్ఞానంలో కొన్నిచోట్ల సంవత్సరాల పేర్లు వస్తాయి. ఇది భలే సౌకర్యం. ప్రభవ నుంచి అక్షయ దాకా 60 పేర్లు తిరుగుతూ ఉంటాయి కాబట్టి, ఈసారి జరగకపోతే 60 ఏళ్ళకు మళ్ళీ అదే పేరుతో ఇంకో అవకాశం వస్తుంది. ప్లవ నామ సంవత్సరంలో ఉపద్రవం అని ఎవరైనా చెప్పి ఉంటే, 1961-62లో అష్టగ్రహ కూటమికీ సరిపోతుంది, 2021-22లో కరోనా రెండో వేవ్‌కీ సరిపోతుంది. వందేళ్ళ చరిత్రలో ఉపద్రవం లేని ఏడాదిని వెతకడమే కష్టం.

యాగంటి బసవన్న సంగతి వేరు. ఆయన అలా పెరుగుతూ పెరుగుతూ కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడని నమ్మకం. ఒకప్పుడు ఆ నంది చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్ళమని, ఇప్పుడు స్తంభం అడ్డొస్తోందని భక్తులు చెప్తారు. 20 ఏళ్ళకు ఒక అంగుళం పెరుగుతోందన్న మాట కూడా చలామణీలో ఉంది. ఆ మాటే నిజమనుకుని సంకల్పంలోని కలియుగంతో కలిపి లెక్కేస్తే, యుగాంతం నాటికి బసవన్న 1,700 అడుగులు దాటాలి. ఎవరి నమ్మకాన్నీ వెక్కిరించడానికి అనడం లేదు. ఈ రెండు లెక్కలూ వేర్వేరు చోట్ల పుట్టాయి, మనమే ఒకే సంచిలో వేసుకుని తిరుగుతున్నాం. ఇంతకీ కాలజ్ఞానంలో కూడా చివరికి వచ్చేది వినాశనం కాదు, వీరభోగ వసంతరాయలు వచ్చి ధర్మాన్ని నిలబెడతాడు. ఆ భాగానికి వ్యూస్ రావు.

2012లో లోకం అంతమవుతుందన్న ప్రచారం గురించి రెండు ముక్కలు చాలు. మాయా నాగరికత వాళ్ళ దీర్ఘ గణనలో 1,44,000 రోజులు ఒక బక్తూన్. 13 బక్తూన్లు, అంటే 5,125 ఏళ్ళు 2012 డిసెంబర్ 21న పూర్తయ్యాయి. లెక్క మొదలైంది క్రీ.పూ. 3114లో, మన కలియుగానికి 12 ఏళ్ళ ముందు. ఇది ఉత్త యాదృచ్ఛికం, అయినా దీని మీద కూడా వీడియోలున్నాయి. మెక్సికోలోని పాలెంకే శాసనంలో మాయా వాళ్ళే క్రీ.శ. 4772లో వచ్చే ఒక వార్షికోత్సవం గురించి చెక్కి పెట్టారు. 2012తో అంతా అయిపోతుందనుకున్నవాళ్ళు 4772 పండుగకు తేదీ రాసుకుంటారా?

గంప కింద కోడి

1979లో మన పల్లెల్ని వణికించినదానికి గ్రంథాలతో సంబంధం లేదు. అమెరికా 1973లో పంపిన స్కైలాబ్, సుమారు 77 టన్నుల అంతరిక్ష కేంద్రం, కిందికి జారడం మొదలుపెట్టింది. సూర్యుడిలో అలజడి అనుకున్నదాని కంటే పెరగడంతో పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, ఆ గాలి రాపిడికి స్కైలాబ్ ఎత్తు తగ్గుతూ వచ్చింది. ఎక్కడ పడుతుందో నాసా కూడా కచ్చితంగా చెప్పలేకపోయింది. రేడియోలో ఆ మాట విన్న జనం మన మీదే పడుతుందని ఖాయం చేసుకున్నారు. అరవై దాటినవాళ్ళను కదిపి చూడండి. ఎలాగూ పోతాం కదా అని గంప కింది కోడిని, దొడ్లో మేకని కోసుకు తిన్నవాళ్ళ కథలు, అప్పులు ఎగ్గొట్టొచ్చని సంబరపడ్డవాళ్ళ కథలు ఊరికొకటి వినిపిస్తాయి. జూలై 11న అది పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రం దక్షిణ తీరంలో ఎస్పెరెన్స్ అనే ఊరి చుట్టుపక్కల ముక్కలు ముక్కలుగా పడింది. చెత్త వేసినందుకు ఆ ఊరి పాలక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

నాసా అప్పట్లో రెండు సంఖ్యలు చెప్పింది. భూమ్మీద ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో ఒకటి. ఫలానా మనిషికి, అంటే మీకు, తగిలే అవకాశం 60,000 కోట్లలో ఒకటి. మొదటిది పేపర్లో పెద్దక్షరాల్లో పడుతుంది, రెండోది లోపలి పేజీలో. శాస్త్రవేత్తలు దాచిపెట్టిందేమీ లేదు, ఏ సంఖ్య మన ఇంటికి చేరుతుందన్నదే తేడా.

అంతరిక్ష శిలల వార్తల్లో ఇదే ఇంకో రకంగా జరుగుతుంది. 2024 డిసెంబర్ 27న చిలీలోని ఒక టెలిస్కోప్ కనిపెట్టిన ‘2024 వైఆర్4’ అనే శిల 2032 డిసెంబర్ 22న భూమిని ఢీకొనే అవకాశం మొదట ఒక శాతం అన్నారు. తర్వాత రెండు దాటింది. 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతం. ‘ముప్పు పెరుగుతోంది’ అని టీవీల్లో ఒకటే గోల. వారం తిరక్కుండా దాదాపు సున్నాకు పడిపోయింది. ‘ముందు భయపెట్టి తర్వాత మాట మార్చారు’ అని కొందరు, ‘దాస్తున్నారు’ అని కొందరు.

నిజానికి ఇది ఇలాగే జరగాలి. కొత్తగా దొరికిన శిల కక్ష్య సరిగ్గా తెలియదు కాబట్టి, ఆ రోజు అది ఎక్కడుంటుందో ఒక పొడవాటి పట్టీలా గీస్తారు. ఆ పట్టీలో ఎక్కడైనా ఉండొచ్చు. పట్టీ పొడవు 12 లక్షల 70 వేల కిలోమీటర్లు అనుకోండి, భూమి వెడల్పు సుమారు 12,700. భూమి వాటా ఒక శాతం. ఇంకొన్ని రోజులు చూశాక పట్టీ 4 లక్షలకు కుదించుకుపోయింది, భూమి ఇంకా దాని లోపలే ఉంది. ఇప్పుడు వాటా 3 శాతం దాటుతుంది. శిల దగ్గరికి రాలేదు, మన అనుమానం విస్తీర్ణం తగ్గింది. ఇంకాస్త కుదించుకుపోతే భూమి పట్టీ బయటికి వెళ్తుంది, ఒక్కసారిగా సున్నా. తగలని శిలలకు కూడా ఇలా పెరిగి పడిపోవడం మామూలే. ఈ శిల తగిలినా ఒక నగరానికి ప్రమాదం తప్ప లోకానికి కాదు, దాని సైజు సుమారు 60 మీటర్లు. రాక్షసబల్లుల్ని తుడిచిపెట్టిన శిల పది కిలోమీటర్లది, అది పడి 6 కోట్ల 60 లక్షల ఏళ్ళయింది.

సైన్సు చెప్పే అసలు గడువు ఒకటుంది. సూర్యుడి వెలుగు నూరు కోట్ల ఏళ్ళకు సుమారు పది శాతం చొప్పున పెరుగుతోంది. ఇంకో నూరు కోట్ల ఏళ్ళకు అటూ ఇటూగా సముద్రాలు నిలవలేవు. సుమారు 500 కోట్ల ఏళ్ళకు సూర్యుడు ఉబ్బి ఎర్రటి మహానక్షత్రం అవుతాడు. బ్రహ్మ పగలు మిగిలింది 235 కోట్ల ఏళ్ళన్నాం కదా. అంటే భూమ్మీద ప్రాణుల విషయంలో మన పంచాంగం కంటే సైన్సే ఎక్కువ నిరాశగా ఉంది. పంచాంగం నమ్మేవాళ్ళు నిశ్చింతగా ఉండాలి న్యాయంగా.

అణ్వాయుధాలు, వేడెక్కుతున్న వాతావరణం గురించి భయపడితే అర్థముంది, అవి మన చేతుల్లో ఉన్నవి. కానీ వాటికి తేదీ లేదు, అందుకే వాటి మీద థంబ్‌నెయిల్ రక్తి కట్టదు.

తేదీ ఉన్నవి వరుసలో చాలానే ఉన్నాయి. 2026 నవంబర్ 13, శుక్రవారం. హైంజ్ ఫాన్ ఫోర్‌స్టర్ అనే శాస్త్రవేత్త, మరో ఇద్దరు 1960లో ‘సైన్స్’ పత్రికలో, జనాభా అప్పటి తీరులోనే పెరిగితే ఆ రోజుకు అనంతమవుతుందని సమీకరణం వేశారు. అది ఫాన్ ఫోర్‌స్టర్ పుట్టినరోజు కూడా, వ్యంగ్యం అక్కడే తెలుస్తుంది. అరవైల చివర్నుంచి జనాభా పెరుగుదల రేటు తగ్గుతూ వచ్చింది కాబట్టి ఆ సమీకరణం ఎప్పుడో చెల్లిపోయింది.

ఆ తర్వాత 2029 ఏప్రిల్ 13, మళ్ళీ శుక్రవారం. సుమారు 340 మీటర్ల అపోఫిస్ అనే శిల భూమికి 32,000 కిలోమీటర్ల దూరంలోంచి, మన టీవీ ఉపగ్రహాల కంటే దగ్గర్నుంచి వెళ్తుంది. 2004లో దీనికీ 2.7 శాతం అన్నారు, 2021కల్లా కనీసం వందేళ్ళ దాకా ప్రమాదం లేదని తేల్చేశారు. శాస్త్రవేత్తలు దాన్ని దగ్గర్నుంచి చూడటానికి అంతరిక్ష నౌకను కూడా పంపుతున్నారు. ఆ రాత్రి అమావాస్య కూడా. ఆ శిల అతి దగ్గరగా వచ్చే సమయం మన గడియారంలో తెల్లవారుజామున 3:16, క్యాలెండర్ ప్రకారం అప్పటికే 14వ తేదీ, శనివారం. అయితే పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో కాబట్టి, ‘శుక్రవారం అమావాస్య’ అని పెట్టుకునేవాళ్ళకు వచ్చిన ఇబ్బందేమీ లేదు.